నూనె గ్రంథుల మీద కత్తి: ఒకచోట తొందర, ఇంకోచోట ఆలస్యం

వీపు మీద గోలీకాయంత గడ్డ, పసిబిడ్డ మాడు మీద వెంట్రుకలు మొలవని పసుపు మచ్చ, నడివయసులో నుదుటి మీద లేచే చిన్న చిన్న పొక్కులు, కనురెప్ప అంచున ఎంతకీ మానని కురుపు. ఈ నాలుగింటినీ జనం చర్మంలోని సెబేషియస్ గ్రంథుల ఖాతాలోనే వేస్తారు. వీటిని తీయించుకోవాలా, వదిలేయాలా అని అడిగితే మాత్రం ఒక్కో డాక్టరు దగ్గర ఒక్కో జవాబు దొరుకుతుంది. ఒకరు ‘ఇప్పుడే తీసేద్దాం’ అంటారు, ఇంకొకరు ‘దాని మానాన దాన్ని వదిలేయండి’ అంటారు. ఇద్దరి మాటకూ వెనక ఏదో ఒక అధ్యయనం ఉంటుంది.

ఈ గందరగోళానికి కారణం వైద్యుల అభిరుచి ఒక్కటే అనుకోలేం. గ్రంథి చేసే పని గురించి, అందులో పుట్టే కణితుల స్వభావం గురించి గత అరవై ఏళ్లలో లెక్కలు రెండు మూడు సార్లు మారాయి. పాత లెక్క మీద ఆధారపడ్డ సలహాలు కొత్త లెక్క వచ్చాక కూడా వాడుకలో ఉండిపోయాయి. మొత్తం చర్చను ఒకచోట పరిచి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ప్రమాదం దాదాపు లేనిచోట కత్తి తొందరపడుతోంది. ప్రమాదం నిజంగా పొంచి ఉన్నచోట ఆలస్యం చేస్తోంది.

అసలు ఈ గ్రంథి ఎందుకు?

అరచేతులు, అరికాళ్లు మినహా ఒళ్లంతా ఈ గ్రంథులుంటాయి. ఎక్కువ భాగం వెంట్రుక కుదురును అంటిపెట్టుకుని, వెంట్రుక బయటికొచ్చే దారిలోకే నూనెను వదులుతాయి. మొహం మీదా మాడు మీదా చదరపు సెంటీమీటరుకు 400 నుంచి 900 దాకా ఉంటాయి. పెదవుల అంచున, కనురెప్పల్లో, చనుమొన చుట్టూ ఉండేవి వెంట్రుకతో పనిలేకుండా నేరుగా పైకే తెరుచుకుంటాయి. వీటి పనితీరు కాస్త వింతైనది. గ్రంథిలోని కణం కొవ్వుతో నిండుతూ నిండుతూ రెండు మూడు వారాలకు తానే పగిలిపోతుంది. ఆ పగిలిన సరుకే సెబమ్. అంటే ఈ గ్రంథి పనిచేయాలంటే అడుగున కొత్త కణాలు నిరంతరం పుడుతూనే ఉండాలి. గ్రంథిని ‘తీసేసినా’ మళ్లీ ఎందుకొస్తుందో అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుండాలి.

ఇంతకీ ఆ నూనె వల్ల ఉపయోగమేమిటి? 1963లో అమెరికా చర్మ వైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో, మనిషికి సెబమ్‌తో పెద్దగా పనిలేదని వాదించాడు. బొచ్చున్న జంతువులకు అది వాన నుంచి రక్షణ. బొచ్చు రాలిన మనిషిలో అది పరిణామం వదిలేసిన శేషం. యవ్వనానికి ముందు పిల్లల చర్మంలో నూనె నామమాత్రం, అయినా వాళ్ల చర్మం ఎండిపోదు కదా అన్నది ఆయన ప్రశ్న. ఆ వాదం ప్రభావం చిన్నది కాదు. పనికిరాని గ్రంథి అయితే దాన్ని కాల్చినా, ఎండబెట్టినా నష్టమేముంది?

తర్వాతి పరిశోధనలు ఆ ధీమాను తగ్గించాయి. సెబేషియస్ గ్రంథులు సరిగా పెరగని ఒక జాతి ఎలుకల్లో చర్మం పై పొరకు తేమ పట్టడం లేదనీ, సెబమ్‌లోని కొవ్వు విడిపోయినప్పుడు వచ్చే గ్లిసరాల్‌ను పైపూతగా ఇస్తే ఆ లోపం సర్దుకుంటోందనీ 2003లో తేలింది. మొహం చర్మం పైకి విటమిన్ ‘ఇ’ని చేరవేసేది కూడా సెబమేనని అంతకుముందే గుర్తించారు. సెబమ్‌లోని కొన్ని కొవ్వు ఆమ్లాలకు సూక్ష్మజీవులను అణచే గుణం ఉంది. ఇన్ని తెలిసినా గ్రంథిని ప్రాణావసరమని ఎవరూ అనడం లేదు. అది వృథా అనే ధైర్యం మాత్రం ఇప్పుడు ఎవరికీ లేదు.

గడ్డ: సంచీ ఉన్నంతకాలం కథ ముగియదు

జనం నోట ‘కొవ్వు గడ్డ’, డాక్టరు చీటీలో ‘సెబేషియస్ సిస్ట్’. నిజానికి ఇందులో చాలావాటికి నూనె గ్రంథితో సంబంధం లేదు. వెంట్రుక దారి పైభాగపు చర్మం లోపలికి ముడుచుకుని సంచీగా మారుతుంది, చర్మం రాల్చే కెరటిన్ బయటికి పోలేక ఆ సంచీలోనే పేరుకుంటుంది. నొక్కితే వచ్చే, కంపుకొట్టే తెల్లటి ముద్ద అదే. మాడు మీద వచ్చేవి ఇంకో రకం. అవి వెంట్రుక కుదురు లోతు నుంచి పుడతాయి, గోడ గట్టిగా ఉంటుంది, కుటుంబాల్లో తరతరాలుగా కనిపిస్తాయి. అసలు సిసలు నూనె గ్రంథి తిత్తులు స్టియటోసిస్టోమా అనే జబ్బులో ఉంటాయి. యవ్వనంలో ఛాతీ మీద, చంకల్లో పదుల సంఖ్యలో లేస్తాయి, పొడిస్తే జిడ్డు ద్రవం వస్తుంది.

ఈ గడ్డల చికిత్స చరిత్ర మహా పాతది. సుశ్రుత సంహిత మేదస్సుతో ఏర్పడే గ్రంథిని వేరుగా గుర్తించి, అది పగిలితే తెలగపిండి, నెయ్యి కలిసినట్టుండే పదార్థం వస్తుందని వర్ణించింది. రోమన్ రచయిత సెల్సస్ తల మీది ఇలాంటి గడ్డల గురించి రాస్తూ, పై చర్మాన్ని మాత్రమే కోసి లోపలి సంచీ తెగకుండా బయటికి తీయాలన్నాడు. రెండు వేల ఏళ్ల తర్వాత కూడా సర్జన్లు చెప్పేది ఇదే.

చరిత్రలో అన్నిటికన్నా పేరుపడ్డ గడ్డ 1821లో లండన్‌లో తీసినది. ఇంగ్లండు రాజు నాలుగో జార్జి మాడు మీది తిత్తిని ఆస్ట్లీ కూపర్ తొలగించాడు. ఆయన చేయి తిరిగిన సర్జన్. అయినా ఈ చిన్న ఆపరేషన్‌కు భయపడ్డాడు. మత్తుమందు లేని రోజులు, క్రిముల సంగతి తెలియని రోజులు. మాడు మీది గాయానికి ఎరిసిపెలాస్ అనే చర్మపు ఇన్‌ఫెక్షన్ పట్టిందంటే ప్రాణం పోవచ్చు, పోయేది రాజు ప్రాణం. గాయం మానింది, కూపర్‌కు బారనెట్ బిరుదు దక్కింది. ఈ రోజు అదే పనిని అవుట్ పేషెంట్ గదిలో అరగంటలో ముగించి, మధ్యాహ్నానికి ఇంటికి పంపుతున్నారు. అందుకే ‘తీసేద్దాం’ అనడం అంత తేలికైంది.

ఎలా తీయాలన్న దాని మీద రెండు పద్ధతులు పోటీ పడుతున్నాయి. పాత పద్ధతిలో గడ్డ మీది నల్లటి చుక్కను కలుపుకుని కంటి ఆకారంలో చర్మం కోసి, సంచీని చుట్టూ విడదీసి, చిట్లకుండా బయటికి లాగుతారు. సరిగ్గా చేస్తే ముత్యపు రంగు గోడతో గుండ్రటి తిత్తి మొత్తంగా చేతికొస్తుంది. కుట్లు పడతాయి, మచ్చ గడ్డ కన్నా పొడవుంటుంది. రెండో పద్ధతిలో ఆ చుక్క దగ్గరే మూడు నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం చేసి, లోపలి ముద్దనంతా పిండేసి, ఖాళీ అయి ముడుచుకున్న గోడను సన్నని పట్టకారుతో బయటికి లాగుతారు. 2006లో కొరియాలో ఈ రెండింటినీ చీటీలేసినట్టు రోగులకు పంచి పోల్చినప్పుడు, చిన్న గడ్డలకు రంధ్రం పద్ధతిలో సమయమూ మచ్చా తగ్గాయి. మొహం మీద ఉన్నదానికి రెండో పద్ధతే మేలనిపిస్తుంది. గతంలో వాచి, చీము పట్టి, గోడ చుట్టుపక్కల కండకు అతుక్కుపోయిన గడ్డకు అది పనికిరాదు. ముక్క మిగిలితే మళ్లీ పెరుగుతుంది.

వాచిన గడ్డ విషయంలోనే భేదాభిప్రాయం ఎక్కువ. ఎర్రబడి, నొప్పెట్టి, వేడిగా ఉన్న గడ్డను చూడగానే ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ రాయడం మామూలు. కానీ వాచిన గడ్డల్లోనూ వాయని గడ్డల్లోనూ ఉండే బ్యాక్టీరియాను పక్కపక్కన పెట్టి చూసిన 1998 నాటి అమెరికా అధ్యయనానికి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చాలాసార్లు జరుగుతున్నది వేరు. సంచీ లోపలే చిట్లి, కెరటిన్ చుట్టుపక్కల కండలోకి జారితే శరీరం దాన్ని పరాయి వస్తువుగా చూసి తిరగబడుతోంది. ఒక వర్గం ఈ దశలో గడ్డలోకే స్టెరాయిడ్ సూది ఇచ్చి, వాపు తగ్గాక నాలుగైదు వారాలకు తీయమంటుంది. ఇంకో వర్గం చీముంటే గాటు పెట్టి కార్చి, తర్వాత గోడను తీస్తుంది. మూడో వర్గం ఒకే దఫాలో అన్నీ కానిచ్చేయమంటుంది. నా అంచనాలో మొదటి దారికే బలం ఎక్కువ. యాంటీబయాటిక్ మీద మన ఆసుపత్రుల మోజు ఏ దారిలోనూ సమర్థించుకోదగ్గది కాదు, జ్వరమో చుట్టూ పాకే ఎరుపో ఉంటే తప్ప.

ఇబ్బంది లేని గడ్డ క్యాన్సర్‌గా మారడం బహు అరుదు. అందుకే తీయకపోవడం కూడా చికిత్సే. మూడు సందర్భాల్లో మాత్రం కత్తి పట్టే ముందు ఆగి ఆలోచించాలి. చిన్న పిల్లల ముక్కు దూలం మీదో, కనుబొమల మధ్యో, తల నడిగీత మీదో పుట్టుకతో ఉన్న గడ్డ ఒక్కోసారి పుర్రె లోపలిదాకా దారి చేసుకుని ఉంటుంది. స్కాన్ లేకుండా దాన్ని ముట్టకూడదు. చిన్న వయసులోనే ఒళ్లంతా తిత్తులు లేస్తుంటే పేగుల్లో పాలిప్స్ ఉండే గార్డ్‌నర్ సిండ్రోమ్ సంగతి చూడాలి. ఛాతీ నడిమధ్య, భుజాల మీద కోత పెడితే మన చర్మంలో కీలాయిడ్ అనే ఉబ్బెత్తు మచ్చ లేచే ముప్పు ఎక్కువ. గడ్డ కన్నా దాన్ని తీసిన గుర్తు పెద్దదవుతుంది.

పసిబిడ్డ మాడు మీది మచ్చ

మొత్తం చర్చలో లెక్కలు తలకిందులైన చోటు ఇదే. నీవస్ సెబేషియస్ అనే పుట్టుమచ్చను 1895లో జర్మన్ చర్మ వైద్యుడు యాడసోన్ వర్ణించాడు. పసుపు, నారింజ ఛాయలో కాస్త ఎత్తుగా, వెంట్రుకలు లేకుండా ఎక్కువగా మాడు మీద ఉంటుంది. మన ఇళ్లలో పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు అప్పటిదాకా జుట్టు కింద దాగిన ఈ మచ్చ బయటపడుతుంది, అప్పుడు మొదలవుతుంది కంగారు. 1965లో మెహ్రెగన్, పింకస్ అనే ఇద్దరు దీని జీవితాన్ని మూడు దశలుగా విడగొట్టారు. బాల్యంలో నిద్రాణం, యవ్వనంలో గ్రంథులు ఉబ్బి పులిపిరిలా మందం కావడం, పెద్ద వయసులో కణితులు లేవడం.

ఆ మూడో దశే భయానికి మూలం. పాత అధ్యయనాల్లో పదిలో ఒకరికీ, కొన్నింట్లో అంతకన్నా ఎక్కువ మందికీ బేసల్ సెల్ అనే చర్మ క్యాన్సర్ వస్తుందని రాశారు. అంత ముప్పుంటే బిడ్డకు రెండు మూడేళ్లప్పుడే తీసేయడం సహజమైన సలహా, దశాబ్దాల పాటు అదే నడిచింది. 2000లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ వైద్యులు 596 మచ్చల స్లైడ్లను మళ్లీ మైక్రోస్కోప్ కింద పెట్టారు. బేసల్ సెల్ క్యాన్సర్ 0.8 శాతం దగ్గర తేలింది. అంతకుముందు క్యాన్సర్ అని రాసినవాటిలో చాలావరకు ట్రైకోబ్లాస్టోమా అనే అపాయంలేని కణితులే. రెండూ చూపుకు దగ్గరగా ఉంటాయి. అదే ఏడాది స్పెయిన్‌లో 155 మచ్చలు పరిశీలించినవారూ అన్నిటికన్నా ఎక్కువ కనబడేది ట్రైకోబ్లాస్టోమానే అన్నారు. 2014లో వచ్చిన 707 మచ్చల అమెరికా అధ్యయనంలో ప్రాణాంతక కణితులన్నీ కలిపి 2.5 శాతం, అందులో బేసల్ సెల్ 1.1 శాతం. ఇలాంటివి ఎక్కువగా పెద్దవాళ్లలో కనిపించాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ శాతాలన్నీ తీసిన మచ్చల మీద వేసినవి. అనుమానం ఉన్నదాన్నే ఎక్కువగా తీస్తారు, అంచేత ముట్టకుండా వదిలేసిన మచ్చల్లో ముప్పు ఇంకా తక్కువై ఉండాలి. మరోపక్క బాల్యంలోనే తీసేసినవి పెద్దయ్యాక ఏమయ్యేవో ఎవరూ చూడలేదు కాబట్టి జీవితకాలపు ముప్పు ఈ లెక్కకు అందదన్న వాదనా ఉంది. రెండూ న్యాయమైన అభ్యంతరాలే.

ముప్పు తగ్గాక చర్చ క్యాన్సర్ నుంచి మచ్చ మీదికీ మత్తు మీదికీ మళ్లింది. పసితనంలో తీయమనేవాళ్లు, అప్పుడు మాడు చర్మం సాగుతుందనీ, మచ్చ చిన్నగా ఉన్నప్పుడే గాయం అంచులు కలుస్తాయనీ, బడిలో ఎగతాళి తప్పుతుందనీ అంటారు. ఆగమనేవాళ్లు, పదమూడు పద్నాలుగేళ్ల పిల్లాడికి లోకల్ సూదితోనే తీయొచ్చు, నిర్ణయంలో వాడి మాటా ఉంటుంది అంటారు. మూడేళ్ల లోపు పిల్లలకు ఎక్కువసేపు గానీ మళ్లీ మళ్లీ గానీ జనరల్ అనస్థీషియా ఇవ్వడం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో చేసిన హెచ్చరిక వీళ్లకు ఊతమైంది. పసికందుల్లో గంట లోపు ఒక్కసారి ఇచ్చిన మత్తుకూ, లోకల్ మత్తుకూ ఐదేళ్ల వయసులో బుద్ధి వికాసంలో తేడా కనబడలేదని 2019లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం మొదటి పక్షానికి కొంత ఊరట. తూచి చూస్తే, ఆగడానికే మొగ్గు. ఆగడమంటే మరిచిపోవడం అని అర్థం కాదు. పెద్దయ్యాక మచ్చలో కొత్త గుబ్బ లేచినా, రక్తం కారినా, పుండు పడినా చూపించుకోవాలి. మొహం మీదికి పాకే పెద్ద మచ్చతో పాటు మూర్ఛో, కంటి లోపమో ఉంటే మాత్రం కథ వేరు. అక్కడ ముందు చూడాల్సింది నరాల వైద్యుడు.

మొటిమలు: గ్రంథిని ఆర్పేయాలన్న పాత కోరిక

మొటిమ రావడానికి నూనె ఒక్కటే చాలదు, కానీ నూనె లేకుండా మొటిమ రాదు. అందుకే గ్రంథినే ఆర్పేస్తే సరి అన్న ఆలోచన ప్రతి తరంలోనూ తిరిగొస్తోంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో యూరప్‌లో, అమెరికాలో మొటిమలకు ఎక్స్‌రేలు పెట్టారు. గ్రంథులు కుంచించుకుపోయాయి, మొహాలు బాగుపడ్డాయి. దశాబ్దాల తర్వాత అదే మొహాల మీద చర్మ క్యాన్సర్లు, అదే మెడల్లో థైరాయిడ్ క్యాన్సర్లు వచ్చాయి. ఈ రంగంలో కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ ఈ అధ్యాయాన్ని మళ్లీ చదువుకోవడం మంచిది.

1979లో గ్యారీ పెక్ బృందం ఐసోట్రెటినాయిన్ అనే మందు ఇచ్చిన 14 మంది తీవ్ర రోగుల్లో 13 మందికి మొటిమలు పూర్తిగా పోయాయని ప్రకటించింది. 1982లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ మందు సెబమ్‌ను 90 శాతం దాకా తగ్గిస్తుంది, కత్తి లేకుండా గ్రంథిని కుదించేస్తుంది. మందు ఆపాక గ్రంథి కొంత కోలుకున్నా చాలామందిలో మొటిమలు తిరిగి రావు. ఇది ఎందుకో ఇప్పటికీ ఎవరూ పూర్తిగా విడమరచలేదు. గర్భంలోని బిడ్డకు ఇది చేసే హాని మీద ఏ వర్గానికీ సందేహం లేదు. అమెరికాలో 2006 నుంచి ఐప్లెడ్జ్ అనే నమోదు పద్ధతిలో పేరు లేకుండా ఈ మాత్ర దొరకదు. మన దగ్గర అలాంటి కట్టడి లేదు, రాసే డాక్టరు ఎంత గట్టిగా చెబితే అంతే రక్షణ. మనసు మీద ప్రభావం విషయం అంత స్పష్టంగా లేదు. 2023లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన విశ్లేషణ మొత్తం జనాభా స్థాయిలో ఆత్మహత్యల ముప్పు పెరగలేదంది. అదే ఏడాది బ్రిటన్ నియంత్రణ సంస్థ నిబంధనలు బిగించింది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. సగటు మీద కనబడని హాని ఒకరిద్దరిలో ఉండొచ్చన్నది రెండో పక్షం జాగ్రత్త.

శస్త్రచికిత్సకు సంబంధించి మారిన ముఖ్యమైన నియమం ఒకటుంది. ఐసోట్రెటినాయిన్ వాడినవాళ్లు ఆరు నెలల దాకా చర్మం మీద ఏ పనీ చేయించుకోకూడదని అనేవారు. 2017లో అమెరికాలోనూ, మన దేశంలో చర్మ శస్త్రవైద్యుల సంఘం మార్గదర్శకాల్లోనూ ఆ గడువుకు సరైన ఆధారం లేదని తేల్చారు. చిన్న కోతలకు, పైపై పీల్స్‌కు, వెంట్రుకలు తీసే లేజర్‌కు ఆరు నెలలు ఆగనక్కర్లేదు. మొహమంతా లోతుగా గీకే పద్ధతులకు మాత్రం ఆగమన్నారు. అయినా పాత గడువే చాలా క్లినిక్కుల్లో నడుస్తోంది.

తాజా అధ్యాయం 1726 నానోమీటర్ల లేజర్. నీటికన్నా కొవ్వు ఎక్కువగా పీల్చుకునే కాంతి తరంగం అది. పైన చర్మాన్ని చల్లబరుస్తూ లోపలి గ్రంథిని వేడితో దెబ్బతీస్తుంది. 2022లో రెండు యంత్రాలకు అమెరికాలో అనుమతి వచ్చింది. వాటిలో అవిక్లియర్ అధ్యయనంలో 104 మంది, నెలకొకటి చొప్పున మూడు దఫాలు. పన్నెండు వారాలకు దాదాపు 80 శాతం మందిలో వాచిన మొటిమలు సగానికి సగం తగ్గాయి. ఆ అంకె బాగుంది. కానీ పోల్చడానికి ఉత్తుత్తి చికిత్స పొందిన వర్గం అందులో లేదు. మొటిమలు వాటంతటవే తగ్గే జబ్బు కూడా. మెలనిన్ ఈ కాంతిని పెద్దగా పీల్చుకోదు గనుక నల్లని, చామనఛాయ చర్మాలకు ఇది సురక్షితమన్న వాదనలో తర్కముంది. పదేళ్ల ఫలితాలు లేకుండా దాన్ని గ్రంథికి శాశ్వత విరుగుడుగా అమ్మడం మాత్రం తొందరపాటే.

నుదుటి పొక్కులు, పెదవి చుక్కలు, ముక్కు

నడివయసు దాటాక నుదుటి మీద, బుగ్గల మీద మధ్యలో నొక్కుతో లేచే పసుపు పొక్కులు ఉబ్బిన గ్రంథులే. కిడ్నీ మార్పిడి తర్వాత సైక్లోస్పోరిన్ వాడేవాళ్లలో ఎక్కువ. ఇవి క్యాన్సర్‌గా మారవు. బేసల్ సెల్ క్యాన్సర్‌లా కనబడటమే వీటితో చిక్కు. కరెంటుతో కాల్చినా, చలితో గడ్డకట్టించినా, లేజర్ పెట్టినా పోతాయి. ఐసోట్రెటినాయిన్‌తోనూ తగ్గుతాయి, ఆపగానే వస్తాయి. మన చర్మంలో కాల్చినచోట నల్లమచ్చ మిగిలే అవకాశం అసలు పొక్కుకన్నా పెద్ద సమస్య. పెదవుల మీది ఫోర్డైస్ చుక్కలు చాలామంది పెద్దవాళ్లకు ఉంటాయి, వాటికి చికిత్స అద్దంలో చూసుకోవడం తగ్గించడమే.

ముక్కు కథ వేరు. రైనోఫైమాలో గ్రంథులు పెరిగి ముక్కు ఉబ్బి గడ్డలు కడుతుంది. లూవ్ర్ మ్యూజియంలోని గిర్లాండాయో చిత్రంలో మనవణ్ణి ఒళ్లో పెట్టుకున్న తాతకు ఉన్నది అదే. దాన్ని చెక్కే సర్జన్ ఒక హద్దు పాటించాలి. అడుగున గ్రంథుల మొదళ్లు మిగల్చాలి. కొత్త చర్మం పాకేది వాటి నుంచే. మొత్తం గీకేస్తే ముక్కు మీద తెల్లటి బిగుసు మచ్చ మిగులుతుంది. గ్రంథిని పూర్తిగా తీసేయడం గెలుపు కాదని ఇంత సూటిగా చూపే ఆపరేషన్ ఇంకోటి లేదు.

కనురెప్ప: అసలు తొందరపడాల్సిన చోటు

పై రెప్పలో పాతిక నుంచి నలభై, కింది రెప్పలో ఇరవై నుంచి ముప్పై మైబోమియన్ గ్రంథులుంటాయి. కన్నీటి పైన నూనె పొర పరిచి అది ఆవిరవకుండా చూసేది ఇవే. ఒకటి మూసుకుపోతే లోపల పేరుకున్న నూనె చుట్టూ కండ వాచి కాయలా తేలుతుంది. దీన్నే కలేజియాన్ అంటారు, మనం కురుపు అనేస్తాం. 2007లో లండన్‌లో 136 మంది మీద పోల్చి చూస్తే వేడి కాపడంతో 46 శాతం, స్టెరాయిడ్ సూదితో 84 శాతం, కోసి గీకితే 87 శాతం తగ్గాయి. సూది, కత్తి రెండూ దాదాపు సమానమే కాబట్టి కత్తి రెండో వరుసలోకి వెళ్లింది. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ అంతా కురుపు వేషంలో వచ్చే క్యాన్సర్‌తో. సెబేషియస్ కార్సినోమా పై రెప్పలో ఎక్కువ, అరవై దాటినవాళ్లలో ఎక్కువ. మొదట నొప్పి ఉండదు. కలేజియాన్ అని గీకుతారు, కొన్ని నెలలకు అదే చోట తిరిగొస్తుంది, మళ్లీ గీకుతారు. లేదా ఒకే కన్ను నెలల తరబడి ఎర్రగా ఉంటుంది, కండ్లకలక చుక్కలు మారుస్తూ పోతారు. రెప్పను తిప్పి చూస్తే పసుపు రంగు మందం, ఆ మేరకు వెంట్రుకలు రాలిన అంచు కనబడతాయి. అప్పటికి క్యాన్సర్ కణాలు కంటి తెల్లపొర మీద అక్కడక్కడా పాకి ఉండొచ్చు, చెవి ముందున్న లింఫ్ గడ్డలకు చేరి ఉండొచ్చు.

తెలుగువాళ్లకు ఈ చర్చ దూరపుది కాదు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2019లో ప్రచురించిన 536 మంది కనురెప్ప క్యాన్సర్ రోగుల అధ్యయనంలో 53 శాతం సెబేషియస్ కార్సినోమాలే. బేసల్ సెల్ 24 శాతం. పాశ్చాత్య దేశాల్లో ఈ వరుస తలకిందులు. అక్కడ బేసల్ సెల్ పదికి ఎనిమిదో తొమ్మిదో వంతు, సెబేషియస్ ఐదు శాతం లోపు. అందుకే అక్కడి పాఠ్యపుస్తకం చదివి ‘ఇది బహు అరుదు’ అనుకునే డాక్టరు ఇక్కడ పొరబడతాడు.

మన జాతికే ఇది ఎక్కువా అన్నది వేరే ప్రశ్న. దాని మీద పండితులు రెండుగా చీలారు. ఒక పక్షం ఆసియా దేశాల నిష్పత్తులను చూపిస్తుంది. రెండో పక్షం నిష్పత్తికీ సంఖ్యకూ తేడా చూడమంటుంది. మెలనిన్ వల్ల మనకు బేసల్ సెల్ తక్కువ, అది తగ్గితే మిగతాదాని శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. శరీరం మొత్తం మీద సెబేషియస్ కార్సినోమాలను లెక్కించిన 2009 నాటి అమెరికా రిజిస్ట్రీ విశ్లేషణలో తెల్లవారిలోనే రేటు ఎక్కువ, ఆసియా మూలాల వారిలో సుమారు సగం. నాకు రెండో వాదం ఎక్కువ నమ్మదగ్గదిగా ఉంది. కానీ మన వీధి చివరి కంటి డాక్టరుకు కావాల్సింది నిష్పత్తే. ఆయన ముందు కూర్చున్న అరవై ఐదేళ్ల మనిషి రెప్ప మీది గడ్డ క్యాన్సరే అయితే, అది ఏ రకమై ఉంటుందో చెప్పేది అదే.

చికిత్సలోనూ పక్షాలున్నాయి. అంచుల్ని అక్కడికక్కడే మైక్రోస్కోప్‌లో చూస్తూ పొరలు పొరలుగా తీసే మోజ్ పద్ధతి కండను ఆదా చేస్తుంది. అయితే ఈ క్యాన్సర్ అక్కడక్కడా వదిలి వదిలి పాకుతుంది గనుక అంచు శుభ్రంగా ఉందన్న భరోసా పూర్తిగా ఇవ్వలేమంటారు రెండో వర్గం. వాళ్లు ఐదు మిల్లీమీటర్ల హద్దుతో కోసి, కంటి పొర మీద పలుచోట్ల ముక్కలు తీసి పటంలా గుర్తిస్తారు. పైపైన పాకినదానికి మైటోమైసిన్ చుక్కలు కొందరు వాడతారు. కంటిగుంతలోకి దిగితే కన్ను మొత్తం తీయాల్సి రావచ్చు. ఈ చివరి దశకు వచ్చేవాళ్లలో ఎందరో మొదటి ఏడాదిలో చిన్న కోతతో బయటపడేవాళ్లే.

పక్కపక్కన పెట్టి చూస్తే

గడ్డలో ముప్పు నామమాత్రం, తీయడమన్నది ఇష్టాన్నిబట్టి, వాపు లేనప్పుడు తీయడమే తెలివి. మాడు మచ్చలో ముప్పు స్వల్పం, అదీ పెద్ద వయసులో, కాబట్టి తొందర అక్కర్లేదు. నుదుటి పొక్కులో ముప్పు లేదు, తీస్తే వచ్చే గుర్తే నష్టం. మొటిమల్లో తీయాల్సిందేమీ లేదు, గ్రంథిని ఎంత అణచాలన్నదే ప్రశ్న. కనురెప్పలో ముప్పు నిజం, ఆలస్యానికి ధర కన్ను, ఒక్కోసారి ప్రాణం. ఇన్నిటినీ ‘నూనె గ్రంథుల సమస్య’ అనే ఒకే చీటీ కింద పెట్టి ఒకే సలహా ఇవ్వడం కుదరదు. పరిమాణం, చూడ్డానికి ఎలా ఉంది అన్నవి నిర్ణయాన్ని నడిపిస్తున్నాయి. నడపాల్సినవి ఉన్న చోటు, వయసు, తిరిగొచ్చిందా లేదా అన్నవి.

ఇంకా తేలనివి

మ్యూర్-టోర్ సిండ్రోమ్‌ను 1967, 68లలో ఇద్దరు వేర్వేరుగా గుర్తించారు. సెబేషియస్ కణితితో పాటు పేగు క్యాన్సర్ కుటుంబంలో నడుస్తుంది, ఎంఎస్‌హెచ్2, ఎంఎల్‌హెచ్1 జన్యువుల్లో లోపం దీనికి కారణం. సెబేషియస్ అడినోమా అనే అపాయంలేని కణితి ఒక్కటి బయటపడినా జన్యు పరీక్షకు పంపాలని ఒక వర్గం, వయసూ కుటుంబ చరిత్రా చూసి పంపాలని ఇంకో వర్గం. కనురెప్ప మీది కణితికి ఈ సిండ్రోమ్‌తో సంబంధం మిగతా చోట్ల కన్నా తక్కువ. పరీక్ష ఖర్చు రోగి జేబు నుంచే పోయే మన దేశంలో రెండో దారే ఆచరణలో నిలుస్తుంది. కనీసం ‘మీ ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్, గర్భసంచి క్యాన్సర్ వచ్చిందా’ అన్న ప్రశ్నకు ఖర్చేమీ లేదు, అది అడగకపోవడానికి సాకూ లేదు.

తీసిన ప్రతి ముక్కనూ ల్యాబ్‌కు పంపాలా అన్నది రెండో చిక్కు. మామూలుగా కనబడే వీపు గడ్డను పంపడం దండగ అనేవాళ్ల దగ్గర లెక్కలున్నాయి. లక్షలో కొన్ని క్యాన్సర్ల కోసం అన్నింటినీ పరీక్షించడం భారమే. అదే లెక్కను కనురెప్పకు వర్తింపజేస్తే పప్పులో కాలేసినట్టే. తిరిగొచ్చిన కలేజియాన్ ముక్కను తప్పనిసరిగా పంపాలన్న దానిమీద కంటి వైద్యుల్లో భేదం లేదు. భేదం మొదటిసారి గీకిన దాని మీద. పాశ్చాత్య మార్గం అనుమానముంటేనే పంపమంటుంది. సెబేషియస్ కార్సినోమా నిష్పత్తి ఇంత ఎక్కువున్న చోట, కనీసం యాభై దాటినవాళ్లకు మొదటి గీకుడు ముక్కనే పంపాలని వాదించేవాళ్ల పక్షాన బలముంది. దానికి కావాల్సింది ఫార్మలిన్ పోసిన ఒక చిన్న సీసా, దాన్ని చదవగల పాథాలజిస్టు. జిల్లా కేంద్రం దాటితే ఆ రెండోది దొరకడమే కష్టం. ఏ వయసు నుంచి పంపాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్న రెండు ప్రశ్నలూ ప్రస్తుతానికి ఆ దగ్గరే ఆగి ఉన్నాయి.